గేటు ఎటువైపు?

యరమరస్‌కు వచ్చేవాళ్లలో యరమరస్ కోసమే వచ్చేవాళ్లు తక్కువ. రాయచూరు దాటి హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే తగిలే ఈ చోటికి ఒకరు థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పనికని వస్తారు. ఇంకొకరు ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లను చేర్చడానికి వస్తారు. మరొకరు ఐఐఐటీ అడ్రసు పట్టుకుని దిగుతారు. 2019లో మొదలైన ఐఐఐటీ రాయచూరు తొలి తరగతులు నిజానికి రాయచూరులో జరగనే లేదు. దానికి పెద్దదిక్కుగా ఉన్న ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో, సంగారెడ్డి జిల్లా కందిలో జరిగాయి. తర్వాత యరమరస్‌లోని ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో దానికి తాత్కాలికంగా చోటిచ్చారు. ఇవి చాలవన్నట్టు, రాయచూరు విమానాశ్రయానికి ప్రభుత్వం ఎంచుకున్న స్థలమూ ఇక్కడే. ఊళ్లో ఉండేవాళ్లు ఎంతమందైనా కానీ, ఊరు ముఖం ఎన్నడూ చూడకుండా మ్యాపులో దాన్ని వెతికేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

వాళ్లంతా ముందు చేసే పని ఒకటే. ఫోన్ తీసి పేరు కొడతారు, ఎర్ర పిన్ను నొక్కుతారు, కింద వరసగా వచ్చే ఫోటోలు వేలితో జరుపుతారు. ఖమ్మంలోనో కర్నూలులోనో కూర్చున్న తండ్రికి తెలియాల్సినవి చిన్న చిన్న సంగతులు. బస్సు దిగిన చోటినుంచి గేటు కనిపిస్తుందా? రోడ్డు దాటాలా? దగ్గర్లో టిఫిను దొరుకుతుందా? చీకటి పడ్డాక దీపాలుంటాయా? ఏ చిన్న ఊరి పిన్ను కింద చూసినా ఆయనకు దొరికేవి మాత్రం వేరు. సూర్యాస్తమయం, నల్ల కళ్లద్దాల కుర్రాడు, కొత్త బైకు, పుట్టినరోజు కేకు, 'శుభోదయం' అని రాసిన గులాబీ. ఆ గులాబీ రైల్వే స్టేషన్ పిన్ను కిందికి ఎలా వచ్చిందో పెట్టినవాడికైనా గుర్తుంటుందో లేదో.

ఊరివాడిని తప్పుపట్టి లాభం లేదు. రోజూ చూసే గేటును ఫోటో తియ్యాలని ఎవరికి తోస్తుంది? ఫోటో అంటే పండుగకో పెళ్లికో తీసేదని మూడు తరాల అలవాటు. స్టూడియోకు వెళ్లి తాజ్‌మహల్ పరదా ముందు నిలబడిన కాలం నుంచి, ఉన్న ఊరిని వెనక్కి నెట్టి లేని ఊరిని వెనకాల పెట్టుకోవడమే ఫోటో. మ్యాపు అడిగేది దీనికి పూర్తిగా ఎదురు. తీసేవాడికి విసుగు పుట్టించే ఫోటోయే అక్కడ పరాయివాడికి పనికొస్తుంది.

అమెరికాలో కార్లు కొత్తగా రోడ్డెక్కిన రోజుల్లో ఈ సంగతి కనిపెట్టి సొమ్ము చేసుకున్నవాళ్లున్నారు. అప్పటికి అక్కడి రోడ్లకు నంబర్లు లేవు, దారి చెప్పే బోర్డులు అరకొర. రాండ్ మెక్‌నాలీ అనే మ్యాపుల కంపెనీ 20వ శతాబ్దం తొలి దశకంలో ఫోటో-ఆటో గైడులు అచ్చేసింది. ఈ ఊరి నుంచి ఆ ఊరికి దారిలో మలుపు వచ్చినచోటల్లా ఒక ఫోటో, ఎటు తిరగాలో చెప్పే బాణం గుర్తు. చికాగో నుంచి మిల్వాకీ దారి ఫోటోలను కంపెనీ కుటుంబానికి చెందిన ఆండ్రూ మెక్‌నాలీ తన హనీమూన్ ప్రయాణంలోనే తీశాడని చెబుతారు. కొత్త పెళ్లికూతురు పక్కన ఉండగా కూడళ్లను ఫోటో తీసిన మనిషి! ఈ కాలపు ఏ ఇన్‌స్టాగ్రామ్ జంటా అతన్ని క్షమించదు.

తెలుగువాళ్లకు దీనికంటే దగ్గరి చుట్టం ఒకడున్నాడు. కాలిన్ మెకంజీ నిజాం రాజ్యంలో సర్వే పని చేస్తున్న 1790లలో ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య ఆయన దగ్గర చేరాడు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే, తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని భుజానికెత్తుకున్నాడు. వీళ్లూ వీళ్ల కింది మనుషులూ ఊరూరా తిరిగి, కరణాల ముందు కూర్చుని రాసుకున్నవాటిలో ఎక్కువ భాగం కరణాలకు చద్దన్నం లాంటి సంగతులు. ఏ దిక్కున ఏ పొలిమేర, చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎంత మాన్యం. ఇంత దూరం వచ్చి ఇవా అడుగుతున్నారని ఆ కరణాలు నవ్వుకునే ఉంటారు. కైఫీయతులన్న పేరుతో ఆ కాగితాలే ఇవాళ ఆంధ్రదేశపు ఊళ్ల చరిత్రకు దిక్కు. మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన వెనక ఏలూరు అన్నదమ్ముల పేర్లు చాలాకాలం పుటల అడుగున చిన్నక్షరాల్లోనే ఉండిపోయాయి.

యరమరస్ నుంచి కాస్త దూరం పోతే రాయచూరు కోటలోనే ఇంకో సాక్ష్యం ఉంది. 1294లో, కాకతీయుల ఏలుబడిలో విఠలుడు ఆ కోట కట్టించినట్టు చెప్పే శాసనం గోడలోని ఒకే ఒక్క రాతి మీద ఉంది. రాయి పొడవు దాదాపు 41 అడుగులు. కట్టించినవాడి గొప్ప శాసనంలో ఎలాగూ ఉంది. చూడముచ్చటైనది అదే గోడ మీది బొమ్మ. అంత రాయిని బండి మీద ఎక్కించి, పశువుల బారు కట్టి లాక్కొస్తున్న దృశ్యాన్ని ఎవరో అందులో చెక్కారు. రాజునో ఏనుగునో చెక్కడానికి చోటుండగా రాయి మోసుకొచ్చిన సంగతిని చెక్కాలని తోచిన ఆ శిల్పి పేరు ఎక్కడా లేదు. మ్యాపుకు ఫోటోలు పెట్టేవాళ్లకు ఊళ్లోనే పెద్దన్న ఉన్నాడన్నమాట.

ఫోన్ల కాలానికి వస్తే ఇక్కడా ఒక తెలుగు పేరు తగులుతుంది. లలితేష్ కాట్రగడ్డ. బెంగళూరు గూగుల్‌లో ఆయన, సంజయ్ జైన్ తదితరులు తయారుచేసిన మ్యాప్ మేకర్ 2008లో బయటికొచ్చింది. కంపెనీ కార్లు పోని ఊళ్లను అక్కడి జనమే గీసుకోవచ్చు. చెరువు, బడి, రోడ్డు, ఏదైనా. ఆ ఏడాది మేలో మయన్మార్‌ను నర్గీస్ తుఫాను ముంచెత్తినప్పుడు సహాయకులకు సరైన మ్యాపు లేకపోవడం ఎంత పెద్ద లోటో 2009లో మైసూరులో జరిగిన టెడ్ ఇండియా సభలో ఆయన చెప్పారు. 2013లో గూగుల్ మ్యాపథాన్ అని పోటీ పెట్టి, మీ చుట్టుపక్కల చోట్లన్నీ ఎక్కించమంటే, 1767 నుంచి దేశాన్ని కొలుస్తున్న సర్వే ఆఫ్ ఇండియా పోలీసులకు ఫిర్యాదు చేసింది. రక్షణ స్థావరాల లాంటివి కూడా జనం చేతుల్లో మ్యాపుకెక్కుతాయన్నది వాళ్ల భయం. 2014లో సీబీఐ ప్రాథమిక విచారణ దాకా పోయింది. మ్యాప్ మేకర్‌కు తర్వాతి దెబ్బ చిలిపితనం వల్ల తగిలింది. 2015లో ఎవరో రావల్పిండి దగ్గర, ఆండ్రాయిడ్ బొమ్మ ఆపిల్ గుర్తు మీద పాస్ పోస్తున్నట్టు మ్యాపులో గీశారు. గూగుల్ తలుపులు మూసి, కొన్నాళ్లకు మళ్లీ తెరిచి, 2017 మార్చిలో మొత్తానికే మూసేసింది.

వీధి దృశ్యాల కథ ఇంకాస్త వంకర. గూగుల్ స్ట్రీట్ వ్యూ కార్లు 2011లో బెంగళూరులో తిరగడం మొదలుపెట్టిన కొద్ది వారాలకే పోలీసులు ఆపించారు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం మ్యాపుల నిబంధనలు సడలించి, ముందస్తు అనుమతుల బాధ చాలావరకు తీసేసింది. అందులోనూ వీధి దృశ్యాల సర్వేను భారతీయ సంస్థలకే పరిమితం చేసింది. అందుకే 2022 జులైలో స్ట్రీట్ వ్యూ మళ్లీ వచ్చినప్పుడు ఫోటోలు తీసింది జెనెసిస్, టెక్ మహీంద్రా. మొదటి విడత పది నగరాల్లో హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఉన్నాయి. అలాంటి జాబితాల్లో యరమరస్ వంటి ఊళ్ల వంతు ఎప్పుడూ చివరే. పైకప్పు మీద కెమెరా పెట్టుకున్న కారు వచ్చేలోగా ఊరివాడి జేబులోని ఫోనే ఆ ఊరికి స్ట్రీట్ వ్యూ.

ఆ ఫోను ఎటు తిప్పాలో కూడా చూసుకోవాలి. యరమరస్ థర్మల్ స్టేషన్ కర్ణాటక పవర్ కార్పొరేషన్, భెల్ కలిసి కట్టింది. 800 మెగావాట్ల యూనిట్లు రెండు. అంతటి కట్టడం ముందు నిలబడి సెల్ఫీ దిగాలనిపించడం సహజం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ప్రకారం విద్యుత్ కేంద్రాల వంటివాటిని కేంద్రం నోటిఫికేషన్‌తో నిషిద్ధ స్థలంగా ప్రకటించవచ్చు. రోడ్డు మీది నుంచి గేటు, బస్ స్టాపు తీయడం వేరు, లోపలి యంత్రాలు తీయడం వేరు. లారీ డ్రైవరుకు టర్బైన్ ఫోటోతో పనేముంది? బొగ్గు లోడు దించే గేటేదో, మనుషులు వెళ్లే గేటేదో తెలిస్తే చాలు.

ఈ జిల్లాలో మ్యాపు అవసరం బాగా తెలిసినవాళ్లు క్యాంపుల జనం. 1950లలో తుంగభద్ర నీళ్లు ఎడమ కాలువలోకి వచ్చాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు ఇటు వచ్చి భూములు కొని, వాటి దగ్గరే ఇళ్లు వేసుకున్నారు. రాయచూరు, కొప్పళ జిల్లాల్లో అలా పుట్టిన ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అని ఉంటుంది. సింధనూరు దగ్గర తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకిచ్చినవి ఆర్‌హెచ్ క్యాంపులు. వాటికి నంబర్లే పేర్లు. యరమరస్ ఇంజనీరింగ్ కాలేజీ అడ్రసులోనూ 'యరమరస్ క్యాంపు' అనే ఉంటుంది. పాత రోజుల్లో క్యాంపులో పెళ్లయితే గుంటూరు చుట్టాలకు రాసే ఉత్తరంలో దారి ఒక పేరా ఉండేది: రాయచూరులో దిగి ఫలానా బస్సెక్కి ఫలానా మిల్లు దగ్గర ఆపమనండి, అక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఇప్పుడు శుభలేఖ మీద ముహూర్తం పక్కన క్యూఆర్ కోడ్ వేస్తున్నారు. అది నొక్కితే తెరుచుకునే పిన్ను కింద కల్యాణ మండపం ఫోటో లేకపోతే, చుట్టం మళ్లీ ఆ మిల్లు దగ్గర ఆగి ఎవరినో ఒకరిని అడగాల్సిందే. పిన్ను ఉంటే చాలనుకుంటారు గాని, వరి మళ్ల మధ్య రాత్రిపూట పిన్ను ఒక నీలి చుక్కను ఒక ఎర్ర చుక్క దగ్గరికి తీసుకుపోయి వదిలేస్తుంది. దీపాల తోరణం కట్టిన కమాను ఫోటో ఒకటుంటే డ్రైవరు ఇక ఫోన్ వంక చూడడు.

క్యాంపులకు, తండాలకు ఇంకో చిక్కుంది. జనం తరాలుగా ఉంటున్నా రెవెన్యూ రికార్డులో ఊరనేదే ఉండదు. పక్క గ్రామం సర్వే నంబర్లలో కలిసిపోయి ఉంటాయి. 2023 జనవరి 19న కలబురగి జిల్లా మళఖేడ సభలో ప్రధాని లంబాణీ కుటుంబాలకు హక్కు పత్రాలు పంచారు. రాయచూరుతో సహా ఐదు జిల్లాల్లో రికార్డుకెక్కని సుమారు 1,475 నివాసాలను రెవెన్యూ గ్రామాలుగా ప్రకటించినప్పటి సంగతి అది. అన్నేసి ఊళ్లు అంతవరకు కాగితం మీద లేవు. తండా కుర్రాడు బడి గోడ మీద రాసిన ఊరి పేరును ఫోటో తీసి మ్యాపులో పెడితే పట్టా రాదు, తాసీల్దారు దాన్ని ఖాతరు చేయడు. అంబులెన్సు డ్రైవరుకు మాత్రం ఆ పేరు దొరుకుతుంది. పట్టాకూ అంబులెన్సుకూ పోటీ పెట్టడం అన్యాయమే గాని, రెండోది రాత్రికి రాత్రే అవసరం పడుతుంది.

ఇంత పని ఊరికే ఎవరు చేస్తారు? గూగుల్ 2015లో లోకల్ గైడ్స్ పథకం పెట్టి పాయింట్ల ఆశ చూపింది. ఫోటోకు 5, సమీక్షకు 10, కొత్త చోటు ఎక్కిస్తే 15. పదో మెట్టుకు లక్ష పాయింట్లు కావాలి. ఫోటోలతోనే ఎక్కాలంటే ఇరవై వేల ఫోటోలు. పాయింటుకు పైసా రాదు. 'మీ ఫోటోను ఇన్ని వేలమంది చూశారు' అని అప్పుడప్పుడొచ్చే సందేశమే జీతం. ఈ ఆశ మంచి ఫోటోలనూ తెచ్చింది, చెత్తనూ తెచ్చింది. హోటల్ మెనూ కార్డు, ఏటీఎం గది తలుపు, ఆసుపత్రి ఓపీ వేళల బోర్డు ఫోటో తీసి పెట్టే ఓపికమంతులు పుట్టారు. ఒకే ఇడ్లీని పది వైపుల నుంచి తీసి యాభై పాయింట్లు కొట్టేసేవాళ్లూ పుట్టారు.

చిన్న ఊళ్లలో దీనికి తోడు ఇంకో తమాషా జరుగుతుంది. ఫోన్‌లో లొకేషన్ వేసి ఉంటే ప్రతి ఫోటో వెనకా అక్షాంశ రేఖాంశాలు నమోదవుతాయి. దశాంశం తర్వాత ఐదో అంకె దగ్గర తేడా ఒక మీటరు చిల్లర. కాగితం మీద అంత ఖచ్చితం. ఫోటో ఎక్కించేటప్పుడు యాప్ మాత్రం దగ్గర్లో తనకు తెలిసిన చోటేదో చూపించి 'ఇదేనా?' అంటుంది. నగరంలో అయితే అడుగుకో పిన్ను. నాలుగు పిన్నులే ఉన్నచోట ఆ నాలుగే సమస్తాన్నీ మింగుతాయి. పక్క వీధిలో సీమంతం రైల్వే స్టేషన్ ఖాతాలో పడేది అలాగే. దీనికి మందు కూడా ఊరివాళ్ల చేతిలోనే ఉంది. గుడి, రేషన్ షాపు, బస్ స్టాపు, అంగన్‌వాడీ ముందు విడివిడిగా ఎక్కితే ఎవరి ఫోటోలు వాళ్ల గూటికి చేరతాయి.

అంగన్‌వాడీ అనగానే ఇంకో మాట. స్ట్రీట్ వ్యూలో ముఖాలు, బండి నంబర్లు యంత్రమే మసకబారుస్తుంది. చేతి ఫోటోకు ఆ మర్యాద ఉండదు. బోరింగు దగ్గర బిందె పెట్టిన ఆడమనిషికి తన బొమ్మ ప్రపంచమంతటికీ కనిపిస్తోందని తెలియదు, తెలిస్తే ఒప్పుకోదు. బడి ఫోటో ఆదివారం తియ్యడం ఉత్తమం. పిల్లలుండరు, బోర్డు బాగా పడుతుంది.

మ్యాపును గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో హైదరాబాద్ వాళ్లకు ఒక అనుభవం ఉంది. 2024 మేలో కేరళ పర్యటనకు వెళ్లిన నలుగురు కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర ఫోన్ చెప్పిన దారిన పోతూ కారును నీళ్లలోకి దింపేశారు. వానకు రోడ్డు, వాగు ఏకమై ఉన్నాయి. ఊరివాళ్లు, పోలీసులు నలుగురినీ బయటికి లాగారు. అదే ఏడాది నవంబరులో బరేలీ దగ్గర సగం కూలిన వంతెన మీదికి ఫోన్ దారి చూపితే ముగ్గురు చనిపోయారు. ఇలాంటిచోట వాగు పొంగిన ఫోటో ఒకటి పెట్టి వదిలేస్తే చాలదు, దారి చెప్పే యంత్రం ఫోటోలు చూసి మలుపు మార్చుకోదు. 'రోడ్డు మూసి ఉంది' అని విడిగా నమోదు చేయాలి. చాలామంది అక్కడికి పోకుండా ఫోటోతో ఆగిపోతారు. దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెడతారు.

ఫోటో చివరికి ఎవరిదన్నది వేరే లెక్క. స్పెయిన్‌లో ఇద్దరు కుర్రాళ్లు 2005లో పనోరమియో అని మొదలుపెట్టారు. ప్రపంచంలోని మూలమూలల ఫోటోలను జనం అందులో పెట్టారు. 2007లో గూగుల్ కొన్నది, 2016 నవంబరులో మూసింది. కాపీరైటు ఎప్పుడూ తీసినవాడిదే, గోడ మాత్రం వాడిది కాదు. అందుకే తెలిసినవాళ్లు ముఖ్యమైన ఫోటోను వికీమీడియా కామన్స్‌లోనూ వేస్తారు. తెలుగు వికీపీడియాలోని ఊళ్ల వ్యాసాలు అక్కడి ఫోటోలను వాడుకోగలవు. దారులు, చెరువులు గీయాలనుకుంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004 నుంచీ ఉంది. వాటిలో పాయింట్లు లేవు, చప్పట్లు తక్కువ.

యరమరస్‌లో తొందరగా తీయాల్సిన ఫోటోలు విమానాశ్రయం స్థలం చుట్టుపక్కలవి. రన్‌వే పడ్డాక ఆ నేల మీద కాలిబాట ఏది, గట్టు ఏది అన్నది ఎవరూ చూపించలేరు. ప్రహరీ లేచాక లోపలికి పోనివ్వరు. ఇప్పుడైతే అక్కడ ఫోటోకు తగినదేమీ లేదని అందరూ అంటారు, అంచేత ఎవరూ తీయరు. విమానాశ్రయం పిన్ను మాత్రం విమానం కంటే ముందే దిగుతుంది. ఎవరో ఒకరు దానికి అయిదు స్టార్లిచ్చి, 'పార్కింగ్ బాగుంది' అని రాసి, కింద గులాబీ పెడతారు.